చూద్దాం గారి కారు

మార్చి 3, సోమవారం

డైరీ మళ్ళీ మొదలుపెట్టాను. ప్రత్యేకించి కారణమేమీ లేదు. చేతిరాత పాడైపోతోందని.

ఈరోజు టోల్ గేటు హెల్ప్ డెస్కుకి వచ్చినవాళ్ళలో మొదటి బహుమతి ఒక పెద్దావిడకి. ట్యాగు పని చెయ్యట్లేదని గొడవ. ఎక్కడ అంటించారండీ అంటే హ్యాండ్‌బ్యాగు తెరిచి, జిప్పు అరలోంచి తీసి చూపించింది. "అద్దానికి అంటిస్తే ఎవడైనా పీక్కుపోతాడని భద్రంగా దాచానమ్మా." రెండో బహుమతి వెనకద్దానికి అంటించుకున్నాయనకి. ముందద్దం మీద ఆయన కూతురి ఫొటో ఉందట. గేటు మీద యాంటెన్నా ముందద్దాన్నే చదువుతుందండీ అని చెబితే, "అయితే నేను రివర్సులో వస్తాలే" అన్నాడు. జోకనుకున్నాను. నిజంగానే వచ్చాడు.

నాలుగేళ్ళు ఎలక్ట్రానిక్స్ చదివాను. ఆఖరి ఏడాది ప్రాజెక్టు యాంటెన్నాల మీద. ఇప్పుడు టోల్ గేటు పక్కన రేకు గదిలో కూర్చుని, తడిగుడ్డతో జనాల కారద్దాలు తుడిచి స్టిక్కర్లు అంటిస్తున్నాను. స్టిక్కర్ లోపల చిప్పు ఉంటుంది కాబట్టి ఇదీ ఎలక్ట్రానిక్సేనని అమ్మ చుట్టాలకి చెబుతుంది.

మా గేటు నెత్తిన పెద్ద బోర్డు: 'ఆగకండి, సాగిపోండి.' కార్లన్నీ సరిగ్గా దాని కిందే ఆగి హారన్లు కొడుతుంటాయి.

సాయంత్రం మేనేజర్ గారు పిలిచారు. హెడ్డాఫీసు ఉన్న ఊళ్ళో కంట్రోల్ రూములో ఒక పోస్టు ఉందట. అక్కడ గేట్లే ఉండవు. రోడ్డు మీద అడ్డంగా దూలం, దూలం మీద యాంటెన్నాలు, కింద కార్లు రయ్యిమని పోవడమే. సరిగ్గా నా ప్రాజెక్టు. కాలేజీలో థర్మోకోల్‌తో చేస్తే మా లెక్చరర్ నవ్వాడు.

"నీ పేరు పంపిస్తానమ్మా. నెలాఖరులోగా ఊ అనాలి."

"చూద్దాం సార్" అన్నాను.

మార్చి 4, మంగళవారం

మెసేజ్ వచ్చింది. కొండదారి టోల్ గేటు, పొద్దున. పట్టించుకోలేదు.

సాయంత్రం మళ్ళీ వచ్చింది. అదే గేటు, తిరుగు ప్రయాణం. అస్సలు పట్టించుకోలేదు.

మార్చి 6, గురువారం

పట్టించుకోలేదని రెండుసార్లు రాశాను. చదువుకుంటే నాకే నవ్వొచ్చింది.

సంగతేంటంటే, కారు ఆయనది, ట్యాగు నాది. కిందటేడు ట్యాగులు అమ్మమని మా అందరికీ టార్గెట్లు పెట్టారు. నెలాఖరుకి నాకొకటి తక్కువైంది. ఆయన కారుకి అంటిస్తానన్నాను. పేపర్లు తెమ్మంటే "చూద్దాం", ఫోన్‌కి వచ్చిన నంబరు చెప్పమంటే "చార్జింగ్ లేదు, చూద్దాం." విసుగొచ్చి నా పేరు, నా ఫోన్ నంబరు ఎక్కించేశాను. అందుకే ఆ కారు ఎక్కడ ఏ గేటు దాటినా నా ఫోన్ టింగుమంటుంది.

ఆయనకి నేను పెట్టుకున్న పేరు చూద్దాం గారు. సినిమాకి చూద్దాం. కొత్త చెప్పులకి చూద్దాం. రెండేళ్ళు అలా చూశాం. డిసెంబరులో ఒకరోజు ఆ కారులోనే అడిగాను, "మీ ఇంట్లో ఎప్పుడు మాట్లాడతావు?" అని. స్టీరింగు మీద వేళ్ళు వాయించుకుంటూ "చూద్దాం" అన్నాడు. "అయితే చూస్తూ కూర్చో" అని మా టోల్ గేటు ముందే దిగిపోయాను. ఆ రోజే నంబరు బ్లాక్ చేశాను. వెంటపడి ఫోన్లు చేస్తాడని.

ట్యాగు మూసెయ్యడం నాకు ఫోన్‌లోనే రెండు నొక్కుల పని. తీరిక దొరకట్లేదు.

మార్చి 8, శనివారం

ఈరోజు ఒక లెక్కల మాస్టారు వచ్చారు. ఎక్కడికీ వెళ్ళకుండానే టోల్ పడుతోందట. కంప్యూటర్లో చూసి, "ఈ కారు మీ దగ్గరే ఉందా సార్?" అన్నాను.

"లేదమ్మా. పోయినేడు అమ్మేశాను."

"ట్యాగు పీకారా?"

"అదీ కారుతో పాటే పోతుందనుకున్నాను."

"మరి ఇన్నాళ్ళూ మెసేజ్‌లు వస్తుంటే ఏమనుకున్నారు సార్?"

"మా అల్లుడు తిరుగుతున్నాడేమో అనుకున్నాను. మాకు మాటల్లేవు, ఎవర్ని అడగను?"

రోజుకి పదిమందికి చెప్పే పాఠం ఆయనకీ చెప్పాను. కారు అమ్మే ముందు ట్యాగు పీకాలి, మా దగ్గర మూయించాలి, లేకపోతే తిరిగేది వాళ్ళు, కట్టేది మీరు. ఆయన బుద్ధిగా తలూపారు. వెళ్ళాక అయిదో లేన్ అక్కా నేనూ పొట్ట పట్టుకుని నవ్వాం. అంత చదువుకున్న మనిషి, ఫోన్ టింగుమన్నప్పుడల్లా అల్లుడి మీద పళ్ళు నూరుకుంటూ కూర్చున్నాడు!

మార్చి 9, ఆదివారం

టింగ్. కొండదారి.

అమ్మ అడిగింది, "ఎవరే?" అని.

"కంపెనీవాళ్ళు" అన్నాను. అబద్ధం కాదు.

మార్చి 11, మంగళవారం

మంగళవారం, శుక్రవారం, ఆదివారం. పొద్దున వెళ్ళడం, సాయంత్రం రావడం. చూద్దాం గారికి ఇంత క్రమశిక్షణ ఎక్కడిది? నాతో సినిమాకి వస్తే ఇంటర్వెల్‌కి చేరేవాడు.

టైల్స్ కంపెనీలో సేల్స్ ఆయన ఉద్యోగం. కొండదారిలో టైల్స్ ఎవరు కొంటారు? కోళ్ళఫారాలకి మార్బుల్ వేయిస్తున్నారా?

నాకు అనవసరం.

మార్చి 12, బుధవారం

అయిదో లేన్ అక్కకి చెప్పకుండా ఉండాల్సింది. మా ప్లాజాలో డబ్బులు తీసుకునే లేను ఆవిడదొక్కటే మిగిలింది. ట్యాగు లేనివాళ్ళు రెట్టింపు కట్టాలి కాబట్టి రోజంతా తిట్లు తింటుంది. మధ్యాహ్నం డబ్బా తెరిచేసరికి ఆవిడకి వేరే కబుర్లు కావాలి.

"ఏం పిల్లా, మొహం అలా ఉంది? బ్యాలెన్స్ అయిపోయిందా?"

చెప్పాను. అక్క చెంచా కింద పెట్టేసింది.

"వారానికి మూడుసార్లా? అయితే ఇంకొకత్తి ఉంది."

"ఉండనీ. నాకేంటి?"

"నీకేం లేదు. నాకు తెలుసుకోవాలనుంది. గేటు ఫొటో తీస్తుంది కదా, తెరువు."

ఫిర్యాదు లేకుండా ఎవరి ఫొటో తెరవకూడదని రూలు. పైగా నేనంత దిగజారలేదు. అదే చెప్పాను. అక్క చెంచా తీసుకుని, "ట్యాగు నీదే కదే, నీ ఫొటో నువ్వు చూసుకోవడానికి దిగజారడమెందుకు?" అంది.

నేను తెరవలేదు.

మార్చి 13, గురువారం

తెరిచాను.

నిన్నటి రూలు గురించి రాత్రంతా ఆలోచించి కాదు. సిస్టమ్ సరిగ్గా పనిచేస్తోందో లేదో అప్పుడప్పుడు చూస్తుండాలి.

మంగళవారం పొద్దుటి ఫొటోలో పక్క సీటు ఖాళీ. సాయంత్రం ఫొటోలో ఖాళీ లేదు. ఎండ సరిగ్గా అద్దం మీద కొట్టింది. డ్రైవర్ మొహం మీద సన్‌షేడ్ నీడ. పక్కసీట్లో తెల్లగా, నిటారుగా ఒక ఆకారం. దాని మీద అడ్డంగా నల్లటి గీత.

"తెల్ల డ్రెస్సు" అంది అక్క నా భుజం మీంచి. "ఎంత నిలువుగా కూర్చుందో చూడు. ఒకరికి తల వంచే రకం కాదు."

"తల ఎక్కడక్కా?"

"షేడు వెనక ఉంటుందిలే. పొడుగు మనిషి."

కిందటి శుక్రవారం, ఆదివారం కూడా తెరిచాం. మళ్ళీ అదే తెలుపు, అదే నిలువు.

"వేరే బట్టలు లేవా ఆవిడకి?" అన్నాను.

"యూనిఫామేమో. నర్సయ్యుంటుంది."

నర్సు. అనగానే అంతా అతికినట్టు సరిపోయింది. పొద్దున ఒంటరిగా వెళ్తాడు, డ్యూటీ దిగగానే ఆవిణ్ణి ఎక్కించుకొస్తాడు. ఆ నల్లగీత సీటుబెల్టు. బెల్టు కూడా పెట్టాడు! నేను రెండేళ్ళు ఆ సీట్లో కూర్చున్నాను. బెల్టు పెట్టుకోమని ఒక్కసారి అనలేదు.

మార్చి 15, శనివారం

నర్సు గురించి నాకు ఇంతవరకు తెలిసినవి: పొడుగు. మితభాషి. వీపు ఆనించి కూర్చోదు. ఆవిడ అడిగితే ఆయన చూద్దాం అనడు, చూస్తాడు.

మార్చి 16, ఆదివారం

ట్యాగులో బ్యాలెన్స్ తగ్గింది. డబ్బు వేశాను.

ఎందుకంటే బ్యాలెన్స్ లేకపోతే ట్యాగు బ్లాక్‌లిస్టులో పడుతుంది. నా పేరుమీదున్న ట్యాగు బ్లాక్‌లిస్టులో పడితే హెల్ప్ డెస్కులో కూర్చున్న నాకేం పరువుంటుంది? అందుకే. జనవరిలోనూ, పోయిన నెలలోనూ వేసింది కూడా అందుకే.

మార్చి 19, బుధవారం

మేనేజర్ గారు మళ్ళీ అడిగారు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఒంటరిగా వదిలి వెళ్ళడం కష్టం అన్నాను. పాపం ఆయన ఇంటికి ఫోన్ చేసి ఏదో నూనె పేరు చెప్పారట. సాయంత్రం నేను వెళ్ళేసరికి అమ్మ కుట్టుమిషన్ ఆపేసి, కత్తెర చేత్తో పట్టుకుని కూర్చుంది.

"నా మోకాళ్ళు నిన్నెప్పుడు ఆపాయే?"

"అది కాదమ్మా..."

"నువ్వు నాకు చేసిన సేవ ఏంటో చెప్పు. మొన్న వేణ్ణీళ్ళ సంచి తెమ్మంటే ఫోన్ చూసుకుంటూ ఖాళీ సంచి తెచ్చి మోకాలి మీద పెట్టావు."

"అక్కడ ఒక్కదాన్నీ ఎలా ఉండాలి?"

"ఇక్కడెవరితో ఉంటున్నావు, ఆ ఫోన్‌తో తప్ప? చదువుకున్న పని చేతికొస్తుంటే ఎందుకు నాన్చుతున్నావో నాకు తెలియాలి."

"చూద్దాంలే అమ్మా."

అమ్మ కత్తెర కింద పెట్టింది. "ఆ మాట మన ఇంట్లో ఎవరికీ లేదు. మీ నాన్నకి లక్ష అవలక్షణాలుండేవి కానీ అదొక్కటి లేదు. ఎక్కడ అంటించుకొచ్చావే?"

నేను ఈ ఊరు వదలనిది చూద్దాం గారి కోసం కాదు. ఒకవేళ ఆయన వచ్చి క్షమించమంటే, వద్దు పొమ్మని చెప్పడానికైనా నేనిక్కడ ఉండాలి కదా.

మార్చి 21, శుక్రవారం

టింగ్. టింగ్.

మార్చి 23, ఆదివారం

రాత్రి స్నానం చేస్తుంటే ఒక విషయం వెలిగింది. నర్సు గారు హాయిగా బెల్టు పెట్టుకుని షికారు చేస్తోంది. ఆ షికారుకి టోల్ కడుతున్నది నేను.

జుట్టు తుడుచుకోకుండానే ఫోన్ తీసి ట్యాగు బ్లాక్ చేశాను. రెండు నొక్కులే. ఇన్నాళ్ళూ దొరకని తీరిక భలే దొరికింది.

మంగళవారం కొండదారి గేటు తెరుచుకోదు. ఎర్రలైటు వెలుగుతుంది. బజరు మోగుతుంది. వెనక లారీలవాళ్ళు అమ్మానాన్నల్ని కూడా కలిపి తిడతారు. నర్సు గారు మెడ తిప్పి ఆయన వంక చూస్తుంది. ఇవన్నీ తేలాలంటే ఆయన హెల్ప్ డెస్కుకి రావాలి. ఈ చుట్టుపక్కల హెల్ప్ డెస్కు ఒక్కటే ఉంది. అందులో ఒక్కదాన్నే ఉన్నాను.

మార్చి 25, మంగళవారం

మెసేజ్ రాలేదు. అంటే ఆగిపోయాడు.

ఏం మాట్లాడాలో తయారుచేసుకున్నాను. మొదట తలెత్తను. "మీ సమస్య ఏంటండీ?" అంటాను, అండీ మీద నొక్కి. ఆయన నా పేరు పిలుస్తాడు. "కస్టమర్లు పేరు పెట్టి పిలవకూడదండీ" అంటాను. ఆ తర్వాత ఏడవను.

మార్చి 26, బుధవారం

వరసగా రాయాలి. లేకపోతే రేపటికి నాకు అనుకూలంగా మార్చేసుకుంటాను.

పదకొండింటికి కిటికీలోంచి ఆ కారు కనిపించింది. ఎడమ తలుపు మీద గీత అలాగే ఉంది, మా వీధి గోడకి నేనే గీయించాను. వెంటనే తల దించుకుని లేని కాగితాలు సర్దాను. తలుపు చప్పుడైంది.

"మీ సమస్య ఏంటండీ?"

"ఏమ్మా, హెల్ప్ డెస్కంటే ఇదేనా? నిన్న గేటు దగ్గర పరువు తీశారమ్మా."

ఆ గొంతు కాదు. తలెత్తాను. బట్టతల, మెడలో తువ్వాలు, పొట్ట దగ్గర గుండీ ఊడిన చొక్కా.

"ఆ కారు..." అన్నాను.

"నాదే."

"మీదెలా అవుతుంది?"

"డబ్బిచ్చి కొన్నానమ్మా. ఇంకెలా అవుతుంది?"

బయటికి నడిచాను. కాళ్ళు నడిచాయి, నేను వాటి వెంట వెళ్ళాను. కారు ముందు సీట్లో కోడిగుడ్ల అట్టలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి, సన్‌షేడ్ అంత ఎత్తున. పైనుంచి కిందికి తెల్ల దుప్పటి. చుట్టూ సీటుబెల్టు.

"బెల్టు పెట్టకపోతే మలుపుల్లో ఒరిగిపోతాయమ్మా" అన్నాడాయన, దుప్పటి సర్దుతూ. "వెనక సీట్లు పీకించేశాను, అక్కడ వంద పడతాయి. ఇవి మాత్రం పెద్ద బేకరీకి, మేలురకం. అందుకని ముందు కూర్చోబెడతాను. నిన్న గేటు దగ్గర ఆలస్యమై బేకరీకి ఇవ్వలేకపోయాను."

అప్పటికే అయిదో లేన్ అక్క తన లేను ఎవరికో అప్పజెప్పి పరిగెత్తుకొచ్చింది. కారులోకి తొంగిచూసి, "నర్సు ఏదీ?" అంది.

"నర్సెవరమ్మా?" అన్నాడాయన.

అక్క వెనక వైపు కూడా ఒకసారి తొంగిచూసింది.

"ఎప్పుడు కొన్నారు?" అన్నాను.

"జనవరి మొదట్లో. ఆ అబ్బాయి ఊరు మారుతున్నాడని తొందరగా అమ్మేశాడు. బాబూ, ఈ ట్యాగు సంగతేంటి అని అడిగాను కూడా. చూద్దాం అన్నాడు."

అక్క నా చెయ్యి పట్టుకుంది.

"సరే చూద్దామని నేనూ గేటు దగ్గరికెళ్తే అదే తెరుచుకుంది. మళ్ళీ వెళ్తే మళ్ళీ తెరుచుకుంది. ఎంత మంచి కుర్రాడో, కారు అమ్మేసి కూడా టోల్ కడుతున్నాడు అని మా ఆవిడ రోజూ తలుచుకుంటుందమ్మా. ఆ అబ్బాయి ఏ ఊరెళ్ళాడంటే..."

తడిగుడ్డ తేవాలని లోపలికి వెళ్ళాను. గుడ్డ నా భుజం మీదే ఉంది. ఆయన ఆ వాక్యం పూర్తిచేసేదాకా లోపలే నిలబడి, గుడ్డని ఇంకోసారి తడిపాను.

తర్వాత ట్యాగు నేనే గీకాను. ఒకసారి పీకితే మళ్ళీ పనికిరాకుండా తయారుచేస్తారు దాన్ని, దొంగలు వాడుకోకుండా. అది ఒక్క ముక్కగా రాదు. బ్లేడుతో పేలికలు పేలికలుగా తీస్తుంటే అక్క అటు తిరిగి నిలబడింది. ఏడుస్తోందనుకున్నాను. భుజాలు చూస్తే నవ్వు ఆపుకుంటోంది.

కొత్త ట్యాగు ఆయన పేరు మీద, ఆయన నంబరుతో అంటించాను. కారు అమ్మే ముందు ట్యాగు పీకాలి అని పాఠం మొదలుపెట్టి మధ్యలో ఆపేశాను.

"ఇన్నాళ్ళూ కట్టింది ఎవరో మీ కంప్యూటర్లో తెలుస్తుందా అమ్మా? ఒక దండం పెట్టుకుంటాను."

"తెలియదండీ" అన్నాను.

"పోనీ ఇది నువ్వు తీసుకో." ఒక అట్ట గుడ్లు నా బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు.

మార్చి 27, గురువారం

లెక్కల మాస్టారికి కనీసం అల్లుడున్నాడు.

నేను ఈ ఊరు వదలకుండా కూర్చున్నది ఈ ఊళ్ళో లేని మనిషి కోసం. అసూయపడింది గుడ్ల అట్టల మీద. పొద్దున ఆయన నంబరు మీద బ్లాక్ తీశాను. ఆపిన వాటిలో ఏమున్నాయో చూశాను. వెంటపడి ఫోన్లు చేస్తాడని బ్లాక్ చేశాను కదా. ఫోన్లు లేవు. జనవరి ఒకటిన ఒక శుభాకాంక్షల మెసేజ్, ఫోన్‌లో ఉన్న పేర్లన్నిటికీ కలిపి పంపింది. టైల్స్ మీద తగ్గింపు కూడా ఉంది అందులో.

మార్చి 28, శుక్రవారం

టింగ్ లేదు. మధ్యాహ్నం దాకా చూశాను. చూశానని ఒప్పుకుంటున్నాను.

తర్వాత లేచి మేనేజర్ గారి గదికి వెళ్ళాను. "సార్, వెళ్తాను. హెడ్డాఫీసుకి చెప్పండి."

ఆయన కళ్ళజోడు తీశారు. "అరెరె. నువ్వు మోకాళ్ళంటే, ఇంకో ప్లాజా అబ్బాయి పేరు పంపుదామనుకుంటున్నానమ్మా."

"పంపారా?"

"ఇంకా లేదు. సరే, చూద్దాం."

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "చూద్దాం వద్దు సార్. ఇప్పుడే ఫోన్ చెయ్యండి."

"హెల్ప్ డెస్కులో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. మీరు ఫోన్ చేస్తే నేనుంటాను."

కిటికీలోంచి చూస్తే నా రేకు గది ముందు జనం పోగవుతున్నారు. ట్యాగు చేత్తో పట్టుకుని ఊపుతున్నవాడొకడు, ఎందుకైనా మంచిదని గుండెకి హత్తుకున్నవాడొకడు. రెండో లేన్లో ఎవరో రివర్సులో వస్తున్నారు. 'ఆగకండి, సాగిపోండి' బోర్డు కింద లారీలు బారులు తీరాయి. మేనేజర్ గారు అటు చూశారు, నన్ను చూశారు, ఫోన్ తీశారు.

హెడ్డాఫీసువాళ్ళు ఒప్పుకున్నారు. కాకపోతే ఆలస్యం చేసినందుకు కొన్నాళ్ళు ట్రెయినీ హోదాలోనే ఉండాలట. ఆ చూద్దాం ఖరీదు అది.

మార్చి 30, ఆదివారం

అమ్మ సూట్‌కేసు దించింది. అట్టలోంచి తీసి గుడ్లు రోజూ ఉడకబెడుతోంది.

"ఇన్ని గుడ్లు ఎవరిచ్చారే?"

"నర్సు" అన్నాను.

"మంచిదిలా ఉందే."

"చాలా మంచిదమ్మా. ఒక్క మాట మాట్లాడదు."

ఏప్రిల్ 6, ఆదివారం

ఏసీ బస్సులో రాస్తున్నాను, అక్షరాలు గెంతుతున్నాయి. చేతిరాత బాగుపడలేదు.

అయిదో లేన్ అక్క బస్సు దాకా వచ్చింది. "అక్కడ కెమెరాలు ఇంకా మంచివట కదే. ఎవడైనా కనిపిస్తే తల ఉందో లేదో చూసుకో ముందు" అంది. బస్సు కదిలేసరికి అక్క మళ్ళీ తన లేను గదిలోకి వెళ్ళి, చెయ్యి బయటపెట్టి, లేను మారండి మారండి అని ఎవరినో తిడుతోంది.

బస్సు ఆగకుండానే మా గేటు తెరుచుకుంది. ఇన్నేళ్ళలో మొదటిసారి దాని కిందనుంచి సాగిపోయాను. బస్సు ఓనరుకి ఎక్కడో టింగుమని ఉంటుంది. నా ఫోన్ బ్యాగులో పడుకుని ఉంది.

పక్క సీటు ఖాళీ. ఉడికించిన గుడ్ల డబ్బా అందులో పెట్టి బెల్టు పెట్టాను.